సాలీ గొట్టం చరిత్ర

ఇక్కడ చెప్పుకోబోతున్న పరికరం, గర్భిణి రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ ఎంత ఉందో రంగును బట్టి తేల్చే సాలీ హీమోగ్లోబినోమీటర్. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ సాలీ పేరే దానికీ నిలిచింది.

రెండు పక్కల గోధుమరంగు గాజు బిగించిన చిన్న పెట్టె, మధ్యన గీతలున్న సన్నని గొట్టం, 20 మైక్రోలీటర్ల పిపెట్, కలియబెట్టే గాజుపుల్ల: దాని ఆస్తి ఇంతే. గొట్టంలో అడుగు గీత దాకా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, ఉంగరపు వేలిని సూదితో పొడిచి, మొదటి చుక్కను దూదితో తుడిచేసి, తర్వాత దానంతటదే ఊరిన రక్తాన్ని పిపెట్‌తో పీల్చి అందులో వదిలితే, ఎరుపు మెల్లగా ముదురు గోధుమకు తిరుగుతుంది. ఇలా ఏర్పడిన పదార్థమే యాసిడ్ హెమటిన్. ఆ మార్పుకు సుమారు 10 నిమిషాలు ఆగి, స్వేదనజలాన్ని చుక్కచుక్కగా కలుపుతూ పోగా, గొట్టంలోని రంగు పక్క గాజు రంగుతో ఎక్కడ కలిస్తే అక్కడి గీతే ఫలితం.

ఈ పరికరం మూటగట్టుకున్న అపకీర్తిలో చాలా భాగం ఆ 10 నిమిషాలదే. వరండాలో గర్భిణులు బారులు తీరి ఉండగా ఏఎన్ఎం (సహాయక నర్సు) తొందరపడి ముందే నీళ్లు కలిపితే అంకె తక్కువ పడుతుంది; రక్తం రాలేదని వేలిని పిండితే కణాల మధ్య ద్రవం కలిసి మళ్లీ అదే జరుగుతుంది. తప్పు గాజుది కాదని వాదించవచ్చు గాని, వెలుతురును బట్టి, చూసే కంటిని బట్టి మాట మార్చే పరికరానికి ఆ వాదన పెద్దగా అక్కరకు రాదు.

గర్భంలో ఎర్రకణాల కంటే రక్తంలోని ద్రవభాగమే ఎక్కువగా పెరుగుతుంది గనుక హీమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజమే. అందుకే మామూలు స్త్రీకి డెసిలీటరు రక్తానికి 12 గ్రాములుగా ఉన్న హద్దు గర్భిణికి 11 అయింది. 7 కంటే దిగితే అది తీవ్ర రక్తహీనత, పెద్దాసుపత్రికి పంపవలసిందే.

2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం ‘అనీమియా ముక్త్ భారత్’ డిజిటల్ మీటర్ల వైపు మొగ్గడంతో సాలీ గొట్టం వెనకబడింది. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గొట్టంతో పని లేకుండా తీసిన లెక్కలోనూ, రెండు తెలుగు రాష్ట్రాల గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. వారికిచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అవి వేసుకున్నాక మలం నల్లబడిందని హడలిపోయి మానేసిన గర్భిణికి, ఆ నలుపు ఇనుము వల్లేనని ఏ మీటరూ చెప్పదు, ఏఎన్ఎం చెప్పాలి.