నీళ్లు పెట్టుము టీకిక (సటీకా తాత్పర్యము)

తే. అంద రొక్కటే నేతలు, అన్ని ధరలు
మండిపోయెను; చాక్లెట్టు మఱియు చిక్కె;
ఓటు వేసిన వేయకున్నొకటె నాకు;
నీళ్లు పెట్టుము టీకిక, నిలువకయ్య!

అవతారిక: బ్రిటన్‌లో బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి పక్కవాడితో అనే మాటలకు ఇది పద్యరూపం. కర్త ఎవరో తేలలేదు. ఆ దేశ జనాభా దాదాపు ఏడు కోట్లు. అనుమానం అందరి మీదా ఉంది. మొదటి మూడు పాదాలు బస్టాపులో, నాలుగోది ఇల్లు చేరాక పుట్టినట్టు తోస్తుంది.

ప్రతిపదార్థం: నేతలు = ప్రధానులు, కాబోయి ఆగినవారు; అందరు + ఒక్కటే = భేదము లేనివారు; అన్ని ధరలు = గ్యాసు, కరెంటు, వెన్న, ఇంటద్దె మున్నగువాని వెలలు; మండిపోయెను = చేయి పెట్టరానివాయెను; చాక్లెట్టు = చాక్లెట్టు; మఱియు = ఇంకను; చిక్కె = సన్నబడెను; ఓటు వేసినన్, వేయకున్నన్ = రెంటియందును; నాకు ఒకటె = ఫలము సమానము; ఇక = ఇంత జరిగిన పిమ్మట; టీకి నీళ్లు పెట్టుము; నిలువకు + అయ్య = ఊరక నిలబడకుము.

వ్యాకరణం: ‘నేతలు, అన్ని’ అన్నచోట సంధి జరగలేదు. లాక్షణికులు దీన్ని విసంధి దోషమంటారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడాలన్న 2016 రెఫరెండం తర్వాత ఆ దేశంలో సంధి ఎంత కష్టమో చూసినవారు కవిని క్షమిస్తారు.

విశేషాలు: ‘అందరొక్కటే’ అనే అద్వైతం నిలవదని ఒక ఆక్షేపం. 2022లో ఒక్క ఏడాదే ముగ్గురు ప్రధానులు మారారు. వారిలో లిజ్ ట్రస్ సర్కారు సెప్టెంబరు 23న, సొమ్మెక్కడిదో చెప్పకుండా పన్నులకు కోత ప్రకటించింది. పౌండు కూలింది, ఇళ్ల అప్పుల వడ్డీలు ఎగిశాయి. ఆమె గద్దె మీద ఎక్కువ రోజులుంటారా, లెట్యూస్ ఆకు ఎక్కువ రోజులు వాడకుండా ఉంటుందా అని ఒక పత్రిక పందెం పెట్టింది. ఆకు గెలిచింది. కాబట్టి అందరూ ఒకటే కారు. కొందరు మరీ ఖరీదు. అయినా పెద్దమనిషి ఒప్పుకోడు. ఆ అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతమని గణాంక శాఖ చెబితే వినడు. కప్ప బొమ్మ చాక్లెట్ ఫ్రెడ్డో 2000 ప్రాంతంలో 10 పెన్నీలుండేదని, ఇప్పుడు 30 దాటిందని మాత్రం కంఠతా చెబుతాడు.

‘చిక్కె’: 2016లో టోబ్లెరోన్‌వారు 170 గ్రాముల కడ్డీని 150 చేశారు. కొండల్లాంటి ముక్కల మధ్య లోయలు వెడల్పు చేశారు. ధర మాత్రం చిక్కలేదు. పెద్దమనిషికి ఇది స్వయంగా కొలిచి పట్టుకున్న దొంగతనం. బడ్జెట్ లోటును ఆయన ఎలా కొలుస్తాడు?

ఇక్కడే అసలు చిత్రం. పార్టీల మధ్య తేడా కనబడని ఈ అద్వైతి ఫలహారం దగ్గర ఘోర ద్వైతి. ఆయన్ని పాలించే పన్నుల శాఖా అంతే. అక్కడ కేకు మీద వ్యాట్ లేదు. చాక్లెట్ పూసిన బిస్కెట్ మీద ఉంది, ఇప్పుడు 20 శాతం. మరి చాక్లెట్ పూసిన జాఫా కేకు ఏది? 1991లో ట్రైబ్యునల్ విచారించింది.

పూర్వపక్షం: అది బిస్కెట్లంతే ఉంటుంది, బిస్కెట్ల వరసలోనే అమ్ముతారు, చేత్తోనే తింటారు, కనుక బిస్కెట్. సిద్ధాంతం: పాతబడితే బిస్కెట్ మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది, జాఫా గట్టిపడింది, కనుక కేకు. పొగను చూసి నిప్పును ఊహించిన మన తార్కికులు దీనికి వంక పెట్టలేరు. అల్లపు బొమ్మ బిస్కెట్‌కు చాక్లెట్‌తో రెండు కళ్లు చుక్కలు పెడితే పన్ను లేదు, లాగు తొడిగితే ఉంది. సిగ్గుకు సుంకం వేసిన శాస్త్రం ఇంకెక్కడా చూడలేదు.

2024లో మన అప్పడం కూడా ఈ కోర్టెక్కింది. వేయించడానికి తెచ్చుకునే పచ్చి అప్పడం గొడవ కాదిది, సంచుల్లో అమ్మే కరకరలాడే చిన్నవి. చట్నీ వంటి తోడు ఉంటేనే తినదగ్గవని, కనుక పన్ను లేదని కంపెనీ వాదం. విడిగా, సంచిలోంచి నేరుగా తినగలరు కాబట్టి అవి ఆలూ చిప్స్ (క్రిస్ప్స్) జాతేనని, పన్ను కట్టాలని ట్రైబ్యునల్ తీర్పు. పప్పన్నం పక్కన కూచునే ప్రాణికి పరదేశంలో జాతి మారింది. లెస్టర్‌లోనో లండన్‌లోనో తెలుగువాళ్లెవరూ సాక్ష్యానికి వెళ్లినట్టు లేదు. వెళ్లుంటే, పప్పు ఉడికేలోపు డబ్బాలో సగం ఖాళీ అవుతుందని నిజం చెప్పి కంపెనీ కొంప ముంచేవాళ్లే.

‘ఓటు వేసిన వేయకున్నొకటె’: 2024 జూలైలో సుమారు 60 శాతమే ఓటేశారు. మూడోవంతు ఓట్లతో లేబర్‌కు మూడింట రెండొంతుల దాకా సీట్లొచ్చాయి. ఈ పాదాన్ని నిరాశ అనుకునేవారు ఆ లెక్క మరోసారి చూడాలి.

‘నీళ్లు పెట్టుము’: ఇది గృహకృత్యమని తీసిపారేయరాదు, జాతీయ విద్యుత్ సమస్య. 1990 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడగానే జనమంతా లేచి కెటిల్ నొక్కారు. గిరాకీ ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. ఇలాంటి పోట్లను తట్టుకునే డినార్విగ్ కేంద్రం వేల్స్‌లో కొండ కడుపులో ఉంది. పై చెరువు నీటిని కిందికి వదిలి క్షణాల్లో కరెంటు తీస్తుంది. పెద్దమనిషి టీకి నీళ్లు పెట్టాలంటే ముందు అక్కడెవరో నీళ్లు వదలాలి.

కప్పులో ముందు పాలా, ముందు టీనా అన్నది కవి చెప్పలేదు. అక్కడివారు అందుకు వేరే గ్రంథం రాసుకోవాల్సిందే. ఈ టీకాకారుడికి ఆ తగువులో దూరే ధైర్యం లేదు.