చింపేసిన చీటీ

ఆ చీటీ మీద ఏం రాసి ఉందో నేను పూర్తిగా చదవనేలేదు. వెయ్యి రూపాయల అంకె కనిపించింది, కింద గీతలాంటి సంతకం కనిపించింది. అంతే, నాలుగు ముక్కలు చేసి ఆ పిల్లవాడి కాళ్ల ముందు పడేశాను. లోపల మా నాయిన గుండెపోటుతో మంచం మీద ఉన్నాడు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా చెల్లెకు సగం తెలుసు. బావకు డబ్బు సంగతి తెలుసు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లికుదురు. 2016 అక్టోబరులో మానుకోట జిల్లా అయినప్పటి నుంచి మా కాగితాల పనులన్నీ అక్కడే. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అయినా గుండె నొప్పి అనేసరికి మా వైపు వాళ్లు ఇప్పటికీ ఓరుగల్లు దారే పడతారు. ఆ రాత్రి నాయిన నిద్రలోంచి లేచి కూర్చుని "రొమ్ము మీద బండ పెట్టినట్టున్నదిరా" అన్నాడు. ఒళ్లంతా చెమట. 108కి ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద పోయింది, కొంచెం టైం పడుతుందన్నారు. పక్కింటివాళ్ల కారు అడిగి తీసుకున్నాను. వెనక సీట్లో చెల్లె ఒడిలో నాయిన తల. తొర్రూరులో ఈసీజీ తీసి, గోలీలు వేసి, ఎక్కడా ఆగకుండా పొమ్మన్నారు. రాయపర్తి, వర్ధన్నపేట ఎప్పుడు దాటామో నాకు తెలియదు.

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. క్యాజువాలిటీ తలుపు ముందు ర్యాంపు పక్కన కారు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, స్ట్రెచర్ వెంట పరుగెత్తాను. అక్కడ బండి పెట్టకూడదని ఒక బోర్డు ఉంది. వేపచెట్టు కొమ్మల వెనక, లైటు పడని చోట. తెల్లారిన తర్వాత చూశాను కాబట్టి ఉందని చెప్పగలుగుతున్నాను.

డాక్టరు చూసి, వెంటనే యాంజియోగ్రామ్ చెయ్యాలి, అడ్డు ఉంటే స్టెంట్ వెయ్యాలి అన్నాడు. ఆరోగ్యశ్రీ కౌంటర్లో రేషన్ కార్డు, ఆధార్ అడిగారు. రెండూ కారు డ్యాష్‌బోర్డులో ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. "ఇప్పుడే తెస్తా" అని చెల్లెకు చెప్పి బయటికి వచ్చాను. నేను బయటికి వచ్చింది ఆ కవర్ కోసం. ఈ మాట తర్వాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

కారు ముందు చక్రానికి పసుపు రంగు ఇనుప తాళం బిగించి ఉంది. అద్దం మీద జిగురుతో అంటించిన కాగితం. పక్కన కుర్చీలో ఇరవై ఏళ్లు నిండాయో లేదో అన్నట్టున్న పిల్లవాడు, చేతిలో చీటీల పుస్తకం.

"అన్నా, వెయ్యి కడితే తాళం తీస్త."

"ఎందుకు కట్టాలె?"

"ఎమర్జెన్సీ కాడ బండి పెట్టిన్రు గద. సార్లు గట్లనే చెప్పిన్రు."

తలుపు తీసి కవర్ తీసుకోవడానికి చక్రం తాళంతో పనే లేదు. కవర్ తీసుకుని లోపలికి పోతే అయిపోయేది. కానీ మా ఊళ్లో నలుగురికి అర్జీలు రాసిపెట్టేవాణ్ని నేను. పింఛను రాకపోయినా, పాస్‌బుక్కులో పేరు తప్పు పడ్డా నా దగ్గరికే వస్తారు. జీవోలు ఫోన్లో దాచుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు ఆ రాత్రి నన్ను ఆ చక్రం దగ్గరే నిలబెట్టేసింది. జీవో 63 తెలుసా అని మొదలుపెట్టాను. 2018 మార్చిలో పురపాలక శాఖ ఇచ్చిన ఉత్తర్వు అది. ఆ ఏప్రిల్ నుంచి మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్‌కు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దని, ఆపైన కూడా అక్కడ ఏదన్నా కొన్న బిల్లు ఉంటే ఎప్పుడెప్పుడు మినహాయించాలో అందులో రాశారు. ఫోన్ తీసి ఆ పిల్లవాడి ముఖం ముందు పెట్టాను. వాడు చదవలేదు. "నాకు గవన్ని తెల్వదన్నా" అన్నాడు. నాకు గొంతు లేచింది. సెక్యూరిటీవాళ్లు వచ్చారు. పేషెంట్ల తాలూకు మనుషులు నలుగురు చుట్టూ చేరి "కరెక్టే అంటున్నడు" అన్నారు. వాళ్లు ఆ మాట అన్నకొద్దీ నేనింకా గట్టిగా మాట్లాడాను.

చెల్లె ఫోన్ వచ్చింది. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాను.

చివరికి జేబులోంచి రెండు అయిదువందల నోట్లు తీసి విసిరాను. ఫోన్‌పేలో పంపి ఉంటే కనీసం ఆ లెక్క నా ఫోన్లో ఉండేది. వాడు చీటీ రాసి ఇచ్చాడు. చింపేశాను. కవర్ పట్టుకుని లోపలికి వెళ్లేసరికి నాయిన క్యాథ్‌ల్యాబ్‌లో ఉన్నాడు. సంతకం చెల్లె పెట్టింది. కార్డు చేతికి రాలేదు, ఆలస్యం చెయ్యడానికి లేదు కాబట్టి అడ్వాన్సు కట్టమన్నారట. నెల్లికుదురులో నిద్రపోతున్న బావను లేపి, మిర్చి ఏరే కూలీల కోసం పెట్టుకున్న డబ్బు ఫోన్లో వేయించింది. లోపలికి తీసుకుపోయేటప్పుడు నాయిన నన్నే అడిగాడట. చెల్లె ఈ మాట నాతో చాలా రోజుల దాకా అనలేదు. అన్నప్పుడు కూడా కోపంగా అనలేదు.

స్టెంట్ పడింది. నాయిన బాగున్నాడు. పొద్దున్నే కార్డు చూపించాక కేసు ఆరోగ్యశ్రీ కిందికి మారింది. బావ డబ్బు చేతికి రావడానికి మాత్రం చాలా తిరగాల్సి వచ్చింది. ఆ వారం కూలీలకు బావ అప్పు తెచ్చి ఇచ్చాడు. ఆ అప్పుకు కారణం నేను.

ఊరికి వచ్చాక ఆ జీవోను కుదురుగా కూర్చుని చదివాను. నేను అరిచినంత సూటిగా అది ఆసుపత్రి గేటుకు వర్తిస్తుందని చెప్పలేను. అందులో మాట్లాడింది మాల్స్, మల్టీప్లెక్సులు, వ్యాపార సముదాయాల గురించి. నా చేతిలో అంతకంటే బలమైనవి ఉన్నాయి, అవి ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఒకటి. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, ఆ అంకెకు మించకుండా. ర్యాంపు పక్కన కారు ఆగినందుకు పార్కింగ్ నడిపేవాళ్లకు జరిగిన నష్టం వెయ్యి రూపాయలు ఎలా అయ్యిందో అప్పుడు వాళ్లే చెప్పుకోవాలి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టం ఇంకొకటి. జిల్లా కమిషన్‌కు పోవడానికి రెండేళ్ల గడువు ఉంది. చిన్న మొత్తాలకు ఫీజు కూడా లేదు. డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. నాకు బిల్లు ఇచ్చారు. చింపింది నేను.

ఆసుపత్రికి ఉత్తరం రాశాను. పార్కింగ్ బయటి కాంట్రాక్టరుది, రసీదు జతచేస్తే విచారిస్తామని మర్యాదగా జవాబిచ్చారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "బిల్లు ఫోటో ఉందా సార్" అని అడిగింది. చక్రం ఫోటో ఉందా అంది. అద్దం మీది కాగితం ఉందా అంది. చేతిలో ఫోన్ ఉంది, అందులో కెమెరా ఉంది, ఆ ఫోన్లో నేను ఆ పిల్లవాడికి జీవో చూపించాను తప్ప ఒక్క ఫోటో తియ్యలేదు. ఆ కాగితాన్ని పక్కింటివాళ్లు కారు కడిగేటప్పుడు గీకేశారు.

నాయిన చెకప్ కోసం మళ్లీ వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు అదే కుర్చీలో ఉన్నాడు. వెళ్లి తమ్మీ, ఆ రాత్రి నీ మీద అరవకుండా ఉండాల్సింది అని చెప్పాను. గుర్తుపట్టలేదు. రోజూ ఎవరో ఒకరు అరుస్తారట. చీటీల పుస్తకంలో కార్బన్ కాపీలు పొద్దున లెక్క చూసి తీసుకుపోతారని, లెక్క తగ్గితే తన జీతంలో కోత పడుతుందని చెప్పాడు. అంటే నా చీటీ నకలు ఎక్కడో ఉంది. సాక్ష్యం చెప్తావా అని నోటి దాకా వచ్చింది. అడిగితే వాడి పని పోతుంది. అడగలేదు. ఆ ఒక్కటి సరిగ్గా చేశానని ఇప్పటికీ అనుకుంటున్నాను.

బర్మింగ్‌హామ్‌లో ఉండే మా మేనల్లుడికి చక్రం తాళం సంగతి చెప్తే, అక్కడ ప్రైవేటు పార్కింగ్ కంపెనీలు కెమెరాలో నంబరు పట్టి ఇంటికే చీటీ పంపుతాయన్నాడు. చెల్మ్స్‌ఫర్డ్‌లో ఒకాయన 85 పౌండ్ల చార్జీ మీద సుప్రీంకోర్టు దాకా పోయి 2015లో ఓడిపోయాడు. బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయన్నది కోర్టు చూసిన వాటిలో ఒకటి. అదే దేశంలో వేల్స్, స్కాట్లాండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పార్కింగ్ ఉచితం. ఇంగ్లండ్‌లో కూడా 2020 నుంచి వికలాంగులకు, తరచూ చికిత్సకు వచ్చేవాళ్లకు, రాత్రి పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రులకు మినహాయింపు ఇస్తున్నారు. ఆసుపత్రికి వచ్చినవాడు సరదాకు రాలేదని అక్కడ ఒప్పుకున్నారు.

మన దగ్గర ఆ మాట కోర్టు ఎప్పుడో చెప్పింది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, సర్కారీ అయినా ప్రైవేటు అయినా డాక్టరు ముందు ప్రాణం చూడాలి, మిగతా తతంగం తర్వాత అని తీర్పిచ్చింది. ఆ తీర్పు డాక్టరు గురించే కావచ్చు. కానీ రోగి డాక్టరు దగ్గరికి చేరేది గేటు దాటాకే కదా. గేటు దగ్గర కూడా ప్రాణమే ముందు ఉండాలి. ర్యాంపు దగ్గర నా కారు నిజంగా అడ్డమే, వెనక వచ్చే అంబులెన్సుకు దారి కావాలి, అది నేను ఒప్పుకుంటాను. మరి అడ్డంగా ఉన్న బండి చక్రానికి తాళం వేస్తే ఆ అడ్డు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అక్కడ కావలసింది తాళంచెవి తీసుకుని బండిని పక్కకు పెట్టే మనిషి. ఆ కుర్చీలో కూర్చున్న పిల్లవాడే ఆ పని చెయ్యగలడు. వాడికి చీటీల పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నా వెయ్యి కోసం కమిషన్‌కు పోవడం లేదు. చీటీ లేకుండా చెల్లెను సాక్షిగా నిలబెట్టి, ఆ రాత్రి నేను ఎక్కడున్నానో ఆమెతో మళ్లీ చెప్పించడం నాకు ఇష్టం లేదు. దాని బదులు ఒక సోమవారం హనుమకొండ కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాను. అందులో ఆసుపత్రి పేరు గానీ, నా డబ్బు సంగతి గానీ రాయలేదు. జిల్లాలోని ఏ ఆసుపత్రిలోనైనా అత్యవసర ద్వారం దగ్గర చక్రాలకు తాళాలు వేయవద్దని, కనీసం మొదటి గంట రుసుము తీసుకోవద్దని, బండి తీసి పెట్టే మనిషిని రాత్రిపూట కూడా ఉంచాలని, రుసుము ఎంతో తెలుగులో, పెద్ద అక్షరాలతో, వెలుతురు పడే చోట రాసిపెట్టాలని అడిగాను. జిల్లా వైద్యాధికారికి పంపామన్నారు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుతాను: ఈ అర్జీ ఏ టేబుల్ మీద ఉంది, ఎవరు ఏం రాశారు అని. ఆ దరఖాస్తు రాసి పెట్టుకున్నాను.