దొరగారికి నిద్ర పట్టడం లేదు

మెక్సికోలోని శాన్ మిగెల్ దె అయెందేలో కాపురముంటున్న అమెరికా పెద్దమనుషులకు గొప్ప కష్టం వచ్చిపడింది. ఆ ఊళ్లో మెక్సికన్లు కూడా ఉంటున్నారు! ఉంటే ఉన్నారు, పండగలు చేసుకుంటున్నారు. సెప్టెంబరు చివర ఊరిని కాచే సెయింట్ మైకేల్ ఉత్సవం వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికే చర్చి ముందు తారాజువ్వలు, బాంబులు మొదలవుతాయి. కుక్కలు మంచాల కింద దూరతాయి. దొరలు ఫిర్యాదు రాయడానికి లేస్తారు.

పోనీ మిగతా రోజుల్లో ప్రశాంతమా అంటే అదీ లేదు. గ్యాస్ బండివాడు వీధంతా వినబడేలా అరుస్తాడు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లవాడు తన వంతు కేక తాను వేస్తాడు. మధ్యలో చర్చి గంటలు. పెరట్లో కోడికి టైమింగ్స్ పెట్టే చట్టమేదీ ఈ దేశంలో ఉన్నట్టు లేదు.

ఇంతకీ దొర ఇక్కడికి దేనికొచ్చాడు? సంస్కృతి కోసం. రంగురంగుల గోడలు, రాళ్లు పరిచిన వీధులు, గులాబీ రంగు చర్చి, 2008లో యునెస్కో ఇచ్చిన వారసత్వ హోదా. గోడలకు నోరుండదు కదా, వాటితో ఏ పేచీ లేదు. 1937లో చికాగో నుంచి స్టిర్లింగ్ డికిన్సన్ వచ్చి ఆర్ట్ స్కూలు నడిపాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైనికులు తమ సర్కారు సొమ్ముతో బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ల వెనక పింఛనుదారులు వచ్చారు. పెసోల్లోకి మారగానే పింఛనుకు బలం వస్తుంది. తన దేశంలో తన గిన్నెలు తానే కడుక్కున్న మనిషికి ఇక్కడ వంటమనిషి, తోటమాలి. మేడ మీది నల్ల నీళ్ల ట్యాంకు కళ్లబడకుండా దాని చుట్టూ బోగన్‌విల్లా పాకించాడు. అలాంటి ఇళ్లనూ తోటలనూ టిక్కెట్టు పెట్టి చూపించే టూర్లున్నాయి. ఆ డబ్బు స్థానిక పిల్లల చదువులకు వెళుతుంది గనక దాన్ని మాత్రం వెక్కిరించను.

ఊరి నడిబొడ్డున ఇళ్ల ధరలు డాలర్లలో చెబుతారు. కాబట్టి ఆ ఇల్లు ఊడ్చే మనిషి ఊరి చివర ఉంటుంది, బస్సెక్కి వస్తుంది. ఈ ఊరున్న గ్వానహ్వాతో రాష్ట్రం నుంచి అమెరికాకు కూలికి వెళ్లినవాళ్లకు లెక్కలేదు. ఆమె కొడుకు టెక్సస్ హోటల్లో కాగితాల్లేకుండా అంట్లు తోముతుంటాడు. టెక్సస్ ఆసామి ఇక్కడ కాగితాలతో సహా ఎండ కాగుతుంటాడు. వాళ్లు మా దేశానికి వచ్చి పడుతున్నారని కాఫీ తాగుతూ వాపోతాడు కూడా.

ఈ వచ్చిపడటాల లెక్క మెక్సికోకు పాతదే. 1820ల్లో స్టీఫెన్ ఆస్టిన్ మెక్సికో సర్కారు అనుమతితోనే టెక్సస్‌లో అమెరికా కుటుంబాలను దించాడు. కేథలిక్కులుగా, మెక్సికో పౌరులుగా బతకాలన్నది షరతు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేస్తే వచ్చినవాళ్లకు అది నచ్చలేదు. 1830లో, ఇక రావద్దు మహాప్రభో అని చట్టం చేశారు. అయినా అక్రమంగా వస్తూనే ఉన్నారు. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే అదీ. 1836లో టెక్సస్ పోయింది. 1848 వచ్చేసరికి కాలిఫోర్నియా సహా సగం దేశమే పోయింది. అక్రమ వలసల వల్ల దేశం చేజారిపోతుందని అమెరికాలో కొందరికి అంత గట్టి నమ్మకం ఎందుకంటే, అదెలా జరుగుతుందో వాళ్లకు స్వానుభవం.

ఇప్పుడు మాత్రం దారి సుళువు. 180 రోజుల దాకా దొరకు వీసాయే అక్కర్లేదు. స్థిరపడతానంటే పింఛను కాగితం చూపించి నివాస కార్డు తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇదే మెక్సికోకు అమెరికా వీసా స్టాంపింగ్ కోసం గుండె చేతబట్టుకుని వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లకు ఎండ కాగే తీరికెక్కడిది?

విదేశీయులు రాజకీయాల్లో వేలు పెట్టరాదని మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణంలో ఉంది. పాపం, దొర వేలు పెట్టడు. ఫిర్యాదులే పెడతాడు. ఆయనకో మనవి: ఈసారి ఉత్సవానికీ నాలుగింటికే పేలుస్తారు. నిద్ర చాలకపోతే ఉత్తరాన సరిహద్దు ఉంది, అటువైపు దాటడానికి ఆయన పాస్‌పోర్టుకు అడ్డేమీ లేదు.