ఆరు పొరల మామయ్యగారు

కాలేజీ నుంచి రిటైరైన రోజున శాలువా, జ్ఞాపిక, గోడగడియారం ఇచ్చి పంపారు. నాతో పాటు ఇంటికొచ్చిన నాలుగో వస్తువు ఓహెచ్‌పీ షీట్ల డబ్బా, అంటే ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు. దొంగతనమనకండి, నా డబ్బుతో కొన్నదే. ప్రొజెక్టర్లు మారాక ఆ డబ్బా వంక చూసిన నాథుడు లేడు. సగం షీట్లు కొత్తవి, మిగతా సగం మీద నా చేతిరాతలో ఆర్గానిక్ కెమిస్ట్రీ.

మామయ్యగారి సహస్ర చంద్ర దర్శనానికి ఏం పెట్టాలన్న మాట వచ్చింది. మా ఆవిడ పట్టుపంచెల చాపు అంది. నేను నోరు జారి, “బొమ్మ వేసిస్తాను” అన్నాను. రాజమండ్రిలో పుట్టడంలో ఉన్న ప్రమాదమే ఇది. చిన్నప్పుడే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తారు. 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి అంతంత బొమ్మలు వేస్తే, 60 దాటిన నేను ఒక్క మొహం వెయ్యలేనా అనిపిస్తుంది. అనిపించి ఊరుకుంటే ఇబ్బంది లేదు.

కాగితం మీద వేస్తే అందరి బొమ్మలాగే ఉంటుంది. అదే మొహాన్ని విడగొట్టి ఆరు షీట్ల మీద వేసి, మధ్య సెంటీమీటరు చొప్పున ఖాళీ వదిలి నిలబెడితే? అన్నిటికంటే వెనక గోడా చెవులూ, తర్వాత మొహం రంగు, తర్వాత బుగ్గల నీడలు, ఆపైన కళ్ళూ ముక్కూ, ఆపైన మీసం, అన్నిటికంటే ముందు కళ్ళజోడు. మనిషి గదిలో కూర్చున్నంత లోతుగా కనిపించాలి. మా ఆవిడ అంతా విని, “పట్టుపంచె కూడా కొందాం లెండి” అంది.

మొదట పోస్టర్ కలర్స్ పట్టాను. చేమాకు మీద నీళ్ళలా ముత్యాలు ముత్యాలుగా దొర్లిపోయాయి. అక్రిలిక్ పట్టుకుంది గానీ, ఆరాక షీటు కాస్త వంచేసరికి మామయ్యగారి కుడి బుగ్గ బుగ్గంతా ఊడి నా ఒళ్ళో పడింది. కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కదా, అప్పుడు గుర్తొచ్చింది: ప్లాస్టిక్ కి నీళ్ళంటే పడదు, పైగా మన వేళ్ళ జిడ్డు ఒకటి. షీటుని స్పిరిట్‌తో తుడిచి, రంగులో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పల్చగా పూతమీద పూత వేస్తే నిలబడింది. రెండు చుక్కలు వేస్తే మీసం నురగ కడుతుంది. అనుభవం మీద చెబుతున్నాను.

స్పిరిట్‌తో తుడవడంలో ఒక షీటుని అశ్రద్ధ చేశాను. అది పాఠాల షీటని చూసుకోలేదు. బొమ్మంతా అయ్యాక వెనక దీపం పెడితే, మామయ్యగారి నుదుటి మీద, సరిగ్గా విభూతి పెట్టుకునే చోట, చక్కని షడ్భుజి. బెంజీన్. మళ్ళీ స్పిరిట్, మళ్ళీ మొహం.

షీటుకి వెనకవైపు వేసి ముందునుంచి చూస్తే రంగు నున్నగా, తళతళలాడుతూ ఉంటుంది. తంజావూరు గాజుపటాల వాళ్ళు చేసేది అదే. అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1914లో కార్టూన్ సినిమాలకి పారదర్శక షీట్లు వాడే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆ తర్వాత డిస్నీ వాళ్ళు కూడా గీతలు ముందువైపూ రంగులు వెనకవైపూ వేస్తూ వచ్చారు. చిక్కేమిటంటే పని తిరగేసి చెయ్యాలి. మామూలు బొమ్మలో ఆఖర్న పెట్టే కంటి మెరుపుచుక్క ఇక్కడ మొట్టమొదట పెట్టాలి. దాని మీద నల్లగుడ్డు, దాని మీద తెల్లగుడ్డు, ఆఖరికి చర్మం. మధ్యలో మరిచిపోతే బ్రహ్మదేవుడు కూడా పెట్టలేడు. నేను ఎడమకంటి చుక్క మరిచాను. ఒక కన్ను సర్వీసులో ఉంది, రెండోది రిటైరైంది.

కుడి ఎడమల సంగతి సరేసరి. ఫోటో కింద పెట్టి గీసిన షీటుని తిరగేస్తే బొమ్మా తిరగబడుతుందని ఒక్క బుగ్గల షీటు దగ్గరే మరిచాను. అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడరు. బొమ్మని చాలాసేపు చూసి కూతురితో, “అమ్మాయ్, మీ నాన్నగారి పుట్టుమచ్చ ఎప్పుడు మకాం మార్చింది?” అన్నారు.

ఇంకోటి. ఎంత పారదర్శకమైనా ఒక్కో షీటు దాదాపు పదోవంతు వెలుతురు మింగుతుంది. అయిదు షీట్లు దాటేసరికి మిగిలేది అరవై శాతం లోపే. వెనకున్న చెవులు మసిబారాయి. కార్టూన్ల వాళ్ళు అడుగు షీట్ల రంగుల్ని ఆ లెక్కన సర్దుకునేవారట. నేనూ చెవుల్ని తెల్లగా వేసి, వెనక ఎల్‌ఈడీ పట్టీ అతికించాను. పైగా ఈ ప్లాస్టిక్ కి స్థిర విద్యుత్తు. గదిలో ఎగిరే ప్రతి నూగూ వచ్చి అంటుకునేది. మామయ్యగారి బట్టతల మీద నలభై ఏళ్ళ తర్వాత జుట్టు మొలిచింది.

అప్పుడే ఎక్కడో చదివాను. 2010లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు మోనాలిసా మొహాన్ని ఎక్స్‌రేలతో పరీక్షించి, లియొనార్డో నీడల కోసం వేసిన పల్చటి పూతలన్నీ కలిపినా మందం 40 మైక్రాన్లు మించదని తేల్చారట. నా షీటు ఒక్కటే 100 మైక్రాన్లు, ఇంకా రంగే వెయ్యకుండా. అంత దూరం ఎందుకు, మన నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళు మేకతోలుని వెలుతురు దూరేటంత పల్చన చేసి, రెండువైపులా రంగులు వేసి రావణాసురుణ్ణి నిలబెడతారు. పది తలలకి ఒకే పొర. నాకు ఒక తలకి ఆరు షీట్లు.

ఖాళీల కోసం పాత హవాయి చెప్పులు ముక్కలు కోసి మూలల్లో పెట్టాను. పటాలు కట్టే కొట్టతను ఆ మందం చూసి, “మాస్టారూ, ఇది పటమా, పోపులపెట్టా?” అన్నాడు. పోపులపెట్టె రేటే తీసుకున్నాడు.

పండగనాడు హాల్లో తగిలించి దీపం వేశాం. ఎదురుగా నిలబడ్డవాళ్ళంతా ఆహా అన్నారు. నేను ముసిముసిగా నవ్వుకుంటుండగా పడక్కుర్చీలోంచి మామయ్యగారి గొంతు:

“అల్లుడుగారూ, నా కళ్ళజోడు ఎక్కడికి బయల్దేరింది?”

పడక్కుర్చీ గోడకి ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో ఉంది. చెవులకీ కళ్ళజోడుకీ మధ్య దూరం 5 సెంటీమీటర్లు. అక్కణ్ణించి చూస్తే కళ్ళజోడు చెవులు వదిలేసి సరిగ్గా 5 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. మీసం దాని వెనకే నడుస్తోంది. ట్రిగొనామెట్రీలో పొరపాటు లేదు, పొరపాటు నాదే. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఆ కుర్చీలోంచి తప్ప లోకాన్ని చూడరని తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కుర్చీని జరిపే ధైర్యం మా ఇంటా వంటా లేదు. పటాన్నే ఆయన వైపు తిప్పి కట్టాం. ఇప్పుడు ఆయన మొహం ఆయనకి తిన్నగా ఉంది. వచ్చేపోయే చుట్టాలు మటుకు గుమ్మంలో ఆగి, తలలు పక్కకి వంచి, ముక్కెక్కడుందో వెతుక్కుంటున్నారు.

ఇదంతా అయ్యాక తెలిసిందేమిటంటే, పైషీటు సులువుగా ఊడొస్తుంది. దాన్ని కనిపెట్టినవాడు మా మనవడు. రాత్రి తొమ్మిది కొట్టగానే ముత్తాతగారు కళ్ళజోడు తీసి పక్కన పెడతారు, వీడు స్టూలెక్కి పటంలో కళ్ళజోడు షీటు లాగేస్తాడు. పొద్దున్నే మళ్ళీ తొడుగుతాడు. మామయ్యగారికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. మొన్న నన్ను దగ్గరికి పిలిచి, ఎవరూ వినకుండా అడిగారు:

“పళ్ళసెట్టుకి విడిగా ఒక షీటు వెయ్యడం కుదురుతుందా?”