తండ్రిగారి సెలవు

కేంద్ర ప్రభుత్వోద్యోగి యగు పురుషునకు, తొలి యిద్దరు బిడ్డల విషయమున, శిశుసంరక్షణార్థమై 15 దినముల సెలవును జీతముతో గూడ దయచేయుదురు. 2017లో సవరింపబడిన చట్టము తల్లికి 26 వారములు విధించినది గాని, ప్రైవేటు కొలువులోని తండ్రికి పార్లమెంటు ఒక్క పూట సెలవునైన చట్టముగా విధింపలేదు. ఈ యన్యాయమునకు వాపోవ బూనుకొనునంతలో, సెలవు దొరకిన భాగ్యవంతు డేమి చేయుచున్నాడో చూడ బుద్ధి పుట్టినది.

తొలికాన్పు పుట్టింట జరుగుట మన యాచారము గనుక, ఆత డా 15 దినములను అత్తవారింట గడపును. బాలింతకు పథ్యము వండి, బిడ్డకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేయుటతోనే నడుము విరుగుచున్న యత్తగారు, అది చాలదన్నట్లు అల్లునికి పూటకొక పిండివంట చేసి పెట్టుచు, సంరక్షణార్థము వచ్చినవానిని సంరక్షించుచుండును. బిడ్డ నెత్తుకొనడా యందురేమో! ఎత్తుకొనును, సెల్‌ఫోనులో ఫొటో పడునంతవరకు. ఆ ఫొటోను చూచి బంధువులెల్లరు "ఎంత బాధ్యత గల తండ్రి" యని మురియుదురు. అంతలో పంచె తడిసెనా, చేతులు రెండును బారజాచి, శిశువును వీలైనంత దూరముగ బట్టుకొని, ఇంటిల్లిపాదిని కేకవేయును.

పుట్టిననాడే సెలవు మొదలిడినచో, ఇరువదియొకటవ నాటి బారసాలకు మరల సెలవు కావలయును గదా. పిల్లవాని పనులతో తనకు క్షణము తీరిక లేదని పై యధికారికి విన్నవించు నా దరఖాస్తును, బిడ్డ యేడుపు వినబడకుండ పడకగది తలుపులు బిగించుకొని, తాపీగా వ్రాయుచున్నాడు.