అర గోలీ శాస్త్రం

ఇంట్లో మనిషి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ గోలీని రెండుగా విరిచి, ఒక సగాన్ని కుక్క నోట్లోనో పిల్లి నోట్లోనో వేసి, రెండో సగాన్ని తిరిగి అదే స్ట్రిప్పులో దోపి, ఆ స్ట్రిప్పును దేవుడి పటం వెనక పెట్టే చికిత్సా విధానమే అర గోలీ శాస్త్రం. సంగారెడ్డి జిల్లాలో రాయికోడ్ నుంచి జహీరాబాద్ దాకా, ఆ మాటకొస్తే మెడికల్ షాపున్న ప్రతి తెలుగు ఊళ్లోనూ దీనికి శిష్యులు దొరుకుతారు. గ్రంథం లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. విరిచే వేళ్లుంటే చాలు. పశువైద్యం అందక పుట్టిన శాస్త్రం అనుకుంటే దాన్ని అవమానించినట్టే. మండల కేంద్రాల్లో పశువుల దవాఖానలున్నాయి. 2017 నుంచి తెలంగాణలో 1962కు ఫోన్ చేస్తే మూగజీవాల కోసం సంచార వాహనం కదులుతుంది. జహీరాబాద్ దాటి సరిహద్దు అవతలికి వెళ్తే బీదర్‌లో ఏకంగా కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. ఇన్నిటి నడుమ కూడా చెక్కుచెదరకుండా నిలిచిన విద్య ఇది.

రోగ నిర్ధారణ అరచేత్తో జరుగుతుంది. కుక్క పొట్ట మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది, కాబట్టి జ్వరం, కాబట్టి యాంటీబయాటిక్. ఏ జబ్బూ లేని కుక్క ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. పిల్లిదీ దాదాపు అంతే. 98 దగ్గర ఉండే మనిషి చేతికి అది పండుగ నాడైనా వేడిగానే తగులుతుంది. ఈ లెక్కన జ్వరం లేని కుక్క అంటే చచ్చిన కుక్కే. చంకలోనో చెవి దగ్గరో కాకుండా మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడాలని పశువైద్యులు పట్టుబడతారు గానీ, అరచేయి ఉండగా అంత దూరం వెళ్లడం శాస్త్ర సమ్మతం కాదు.

జబ్బు ఏ క్రిమి వల్ల వచ్చిందన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. మూడు నాలుగు నెలల కూన ఉన్నట్టుండి వాంతులు చేసుకుంటూ, నెత్తురు కలిసిన విరేచనాలతో వాసన కొడుతూ పడిపోతే పశువైద్యుడు ముందుగా పార్వో వైరస్‌ను అనుమానిస్తాడు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా జోలికి పోతుందే తప్ప వైరస్‌ను ముట్టదు. దవాఖానలో పార్వో కూనకు యాంటీబయాటిక్ సూది వేసే మాట నిజమే. దెబ్బతిన్న పేగు గోడలోంచి అక్కడి బ్యాక్టీరియా నెత్తుట్లోకి దిగకుండా పెట్టే కాపలా అది. ప్రాణం నిలబెట్టేది మాత్రం సెలైను. అర గోలీ శాస్త్రం ఇందులోంచి యాంటీబయాటిక్‌ను స్వీకరించి సెలైనును వదిలేసింది. వాంతులయ్యే కూన కడుపులో గోలీ నిలవదన్న చిన్న చిక్కును ఇంకో అర గోలీతో పరిష్కరించింది. కూన పుట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మధ్యలో వారాలు విడిచి వేసే టీకాల వల్ల ఈ గొడవంతా తప్పుతుంది. కానీ టీకాను విరవడం కుదరదు కదా.

మామూలు విరేచనాలకైతే మెట్రోనిడజోల్. ఆడుతూ తిరుగుతూ నీళ్లు తాగుతున్న కుక్కకు రెండు రోజులు మోషన్లు అయినంత మాత్రాన యాంటీబయాటిక్ వద్దని యూరప్ పశువైద్య నిపుణులు 2024లో మార్గదర్శకాలే రాశారు. అలాంటివి చాలా వరకు వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గిన ఖ్యాతి మాత్రం ముందురోజు వేసిన అర గోలీ ఖాతాలో పడుతుంది. ఈ శాస్త్రానికి దొరికే విజయాల్లో అత్యధికం ఈ కోవలోవే.

మోతాదు విషయంలో మూలసూత్రం ఒక్కటే: కుక్క అంటే చిన్న మనిషి, పిల్లి అంటే చిన్న కుక్క. పశువైద్యులు కిలోల లెక్క చూస్తారు. షాపులో ‘625’ అని అడిగితే ఇచ్చే గోలీలో అమాక్సిసిలిన్ 500, క్లావులనిక్ యాసిడ్ 125 మి.గ్రా. ఉంటాయి. ఇదే జోడీ మందు పిల్లికి మామూలుగా పూటకు 62.5 మి.గ్రా., అంటే ఆ గోలీలో పదో వంతు. అర గోలీ వేస్తే అయిదు పిల్లుల పూట మందు ఒక్క పిల్లి మింగినట్టు. రెండు కిలోల కుక్కపిల్లకు ఇంకా తక్కువ కావాలి. కుక్కకు పూటకు కిలోకు 12.5 నుంచి 14 మి.గ్రా. లెక్కన పాతిక కిలోల లాబ్రడార్‌కు అర గోలీ ఇంచుమించు సరిపోతుంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఈ ఒక్కచోట శాస్త్రం గురి తగిలింది. ఆ లాబ్రడార్ కథే ఊరూరా సాక్ష్యంగా తిరుగుతుంది. పిల్లుల సాక్ష్యం ఎవరూ తీసుకోరు.

పిల్లి చిన్న కుక్క కాదన్న సంగతి రుజువు చేయడానికి చాలా పిల్లులు చాలా మూల్యం చెల్లించాయి. పశువుల మందు ఎన్రోఫ్లాక్సాసిన్ రోజుకు కిలోకు 5 మి.గ్రా. మించితే పిల్లి కంటి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. ఆ చూపు తిరిగి రాకపోవచ్చు కూడా. ఎదిగే వయసులో ఉన్న కుక్కపిల్లలకు ఇదే మందు కీళ్ల మృదులాస్థిని పాడుచేస్తుంది. దానికి మనుషుల మందుల్లో చుట్టమైన సిప్రోఫ్లాక్సాసిన్‌ను వేస్తే పిల్లి పేగులు చాలా తక్కువగా పీల్చుకుంటాయి, కుక్కల్లో ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండదు. ఒకటి ఎక్కువై హాని, ఇంకొకటి చాలక హాని. అన్నిటికన్నా ప్రమాదం అర గోలీకి తోడుగా వేసే జ్వరం గోలీ. పారాసిటమాల్‌ను విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. నెత్తురు ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క 500 మి.గ్రా. గోలీకే పిల్లి ప్రాణం పోవచ్చు. కుందేలు పెంచే ఇంట్లో అమాక్సిసిలిన్ నోటి ద్వారా దానికీ వేసి పుణ్యం కట్టుకునేవారున్నారు; కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, దాని వెంట కుందేలూ పోతుంది.

ఇక మింగించే కళ. సంప్రదాయ పద్ధతికి ముగ్గురు మనుషులు, ఒక గోనెసంచి, ఒక గ్లాసు పాలు కావాలి. గోలీని నలగ్గొట్టి పాలల్లో కలుపుతారు. చేదు తగలగానే పిల్లి నోటి నిండా నురగ కక్కుతుంది. దాంతో ‘మందు పడలేదు, వేడి చేసింది’ అన్న కొత్త నిర్ధారణ జరుగుతుంది. పాలతో వచ్చే చిక్కు వేరే ఉంది. పాలలోని కాల్షియం టెట్రాసైక్లిన్ జాతి మందును పట్టుకుని నెత్తుట్లోకి ఇంకనివ్వదు. పాత టెట్రాసైక్లిన్‌ను ఎక్కువగా, డాక్సీసైక్లిన్‌ను కొంతగా అడ్డుకుంటుంది. ఈ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ పరిశోధనశాలకు పెద్దదిక్కు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాడి ఏలుబడిలో మట్టిలోంచి తీసిన మందు వంశాన్ని మిగతా తెలుగువాళ్లు పాలల్లో పోస్తున్నారు.

పశువైద్యుల పద్ధతి ఇంత వీరోచితంగా ఉండదు. కుక్కకు మూడు ముద్దలు చాలు. మొదటిది ఉత్త ముద్ద, రెండోదాంట్లో గోలీ, అది నమలకముందే కళ్ల ముందు మూడో ముద్ద. ఆశపోతు జాతి కాబట్టి మూడోదాని కోసం రెండోది గుటుక్కున మింగుతుంది. పిల్లిని తువ్వాలులో మెడ దాకా చుట్టి, పై దవడ పట్టుకుని తల కొంచెం ఎత్తి, నాలుక మొదట్లో గోలీ వదిలి, నోరు మూసి గొంతు నిమరాలి. ఆ తర్వాత సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్క నుంచి 5, 6 మి.లీ. నీళ్లు మెల్లగా పట్టాలి. ఒక్కసారిగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ నీళ్లు మర్యాద కోసం కాదు. పొడిగా మింగిన డాక్సీసైక్లిన్ గోలీ పిల్లి అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే కరిగి పుండు చేస్తుంది. ఆ పుండు మానేటప్పుడు గొట్టం ముడుచుకుపోయి, పిల్లి అన్నం మింగలేని స్థితికి వస్తుంది. పూతపూసిన గోలీలను నలగ్గొట్టకూడదు, క్యాప్సూల్ విప్పకూడదు. అన్నంతో వెయ్యాలా ఖాళీ కడుపున వెయ్యాలా అన్నది మందును బట్టి మారుతుంది. అమాక్సిసిలిన్-క్లావులనిక్ జోడీని కాస్త తిండితో ఇస్తే వాంతి తగ్గుతుంది, ఆంపిసిలిన్ ఖాళీ కడుపున బాగా ఇంకుతుంది. చీటీ మీద ఆ ఒక్క ముక్క రాసే ఉంటుంది. శిష్యులు చదివేది మందు పేరు, ధర.

‘రోజుకు రెండుసార్లు’ అంటే పన్నెండు గంటలకొకసారి అని పశువైద్యుల భావం. పొద్దున ఒకటి, గుర్తొచ్చినప్పుడు ఒకటి అని శాస్త్ర భావం. పూట తప్పితే గుర్తొచ్చిన వెంటనే వెయ్యాలి, తరువాతి పూట దగ్గరపడితే తప్పినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి ఒకేసారి వేసి బాకీ తీర్చడానికి ఇది సొసైటీ అప్పు కాదు.

శాస్త్రం తన ప్రతిభను పూర్తిగా చూపేది గోలీలు ఆపే రోజున. కుక్క గిన్నె నాకిందంటే చికిత్స ముగిసింది. గోమార్లు, పిడుదులు కుట్టి వచ్చే ఎర్లీషియా జ్వరం ఈ ప్రాంతపు కుక్కలకు కొత్త కాదు. దానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. మందు పడిన ఒకటి రెండు రోజుల్లోనే చాలా కుక్కలు లేచి తోక ఊపుతాయి. మూడో రోజు స్ట్రిప్పు దేవుడి పటం వెనక్కి పోతుంది, క్రిమి ఒంట్లోనే ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో ముక్కు వెంట నెత్తురుతో జబ్బు తిరగబెడితే ‘డాక్టర్ మందు పనిచెయ్యలే’ అని తీర్పు. పది కిలోల కుక్కకు పూటకు 50 మి.గ్రా. చొప్పున రెండు పూటలు, 28 రోజులంటే 100 మి.గ్రా. గోలీలు 28 కావాలి. ఇందులోనూ వేసేది అర గోలీయే. కాకపోతే యాభై ఆరు సార్లు.

కొందరు చదువుకున్న శిష్యులు ఈ మధ్య ఒక ఆయుధం సంపాదించారు. ‘కోర్సు పూర్తి చేయాల్సిందే’ అన్న పాత మాటకు సరైన ఆధారం లేదని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు వైద్యులు రాసిన మాట వాస్తవం. చాలా జబ్బులకు తక్కువ రోజులు చాలని పరిశోధనలు చెబుతున్నదీ వాస్తవమే. ఆ తక్కువ రోజులు ఎన్నో తేల్చేది మళ్లీ చూసిన డాక్టరు, కుక్క తోక కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలోనే, సొంతంగా కొనుక్కుని చాలీచాలని మోతాదు వేసుకునేవాడి వల్ల క్రిములు మందుకు అలవాటుపడి మరొకరిని చంపుతాయని హెచ్చరించాడు. ఆయన ఊహించింది మనిషిని. మంచం కింద పడుకుని పిల్లల మూతి నాకే కుక్క ఆయన లెక్కలోకి రాలేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా కుక్కకూ ఇంటివాళ్లకూ మధ్య రెండు వైపులా రాకపోకలు సాగిస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. యాంటీబయాటిక్ స్ట్రిప్పు మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి చేరిన హెచ్1 షెడ్యూలు 2014 మార్చిలో 46 మందులతో అమల్లోకి వచ్చింది. వీటిని అమ్మితే రాసిన డాక్టరు వివరాలు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చిందీ వేరే రిజిస్టరులో ఎక్కించి, దాన్ని మూడేళ్లు దాచాలి. రోగి పేరు గడిలో ‘టామీ’ అని రాసిన రిజిస్టరు ఎక్కడైనా ఉంటే దాన్ని మ్యూజియంలో పెట్టాలి.

దీనికి శాస్త్రం దగ్గర గట్టి జవాబే ఉంది. ఇదే జిల్లాలోని పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చు వేసింది. లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వాడుతున్న రోగి నెత్తుట్లో ఉండేదానికన్నా ఎక్కువ. వాగుకు ఏ చీటీ లేకుండా అంత మందు పోస్తే అడగనివాళ్లు, ఇంటి కుక్కకు అర గోలీ వేస్తే చీటీ అడగడమేమిటన్నది వాదం. వాదంలో సగం నిజముంది, ఆ సగం ఫ్యాక్టరీలను నిలదీయడానికి పనికొస్తుంది. కుక్కకు ఎంత వెయ్యాలో మాత్రం చెప్పదు.

నిల్వ గురించి శాస్త్రం చెప్పేది తక్కువ, చేసేది ఎక్కువ. నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్-క్లావులనిక్ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టినా సాధారణంగా వారం దాటితే పారబోయాలి. ఇంటి అరలో నెలల తరబడి నిలిచిన సీసాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కొన్ని చిన్నపిల్లల సిరప్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. కాబట్టి పిల్లల సీసాను కుక్క దగ్గరికి తెచ్చేముందు లేబుల్ చదవాలి. మందు పడ్డాక మూతి వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, వాంతులు ఆగకపోయినా తరువాతి పూట ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

అన్ని అర గోలీలూ అయిపోయాక, ఏదీ పనిచెయ్యక, పుండు మానని కుక్కను ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్లడం చివరి అంకం. ‘ఇంతకుముందు ఏమన్న మందులు వేసిండ్రా?’ అని డాక్టరు అడిగే ప్రశ్న తీర్పు చెప్పడానికి కాదు. వేసిన మందు పేరు, ఎన్ని పూటలు, ఎన్ని రోజుల కిందట అన్నవి తెలిస్తేనే రెండో మందు ఎంపిక కుదురుతుంది. స్ట్రిప్పు వెంట తెస్తే ఇంకా మేలు. ‘ఏం వెయ్యలే సార్, నిన్నటిదాంక మంచిగనే ఉండె’ అన్నది శాస్త్రం నేర్పిన జవాబు. డాక్టరు ఆ మాట నమ్మి పుండులోంచి నమూనా తీసి ల్యాబుకు పంపుతాడు. ఒంట్లో ఇంకా అర గోలీ మందు తిరుగుతుండటంతో అసలు క్రిమి ల్యాబులో పెరగదు. రెండు రోజుల తరువాత ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తుంది. యజమాని చెప్పిందీ అదే.