చేతికి మడి

గ్లౌజులు తొడుక్కున్నవాడికి తన చేతులిక మైలపడవన్న ధీమా ఒకటి వచ్చేస్తుంది. నాకైతే మడి కట్టుకున్నంత ధీమా వచ్చింది. మా అమ్మకు షుగరు. పాదం కింద పుండు పడితే ఆసుపత్రిలో శుభ్రం చేసి ఇంటికి పంపారు. రోజూ కట్టు మార్చే పని నాది. మందుల షాపుకెళ్లి వంద గ్లౌజుల పెట్టె అడిగాను. సైజెంత అంటే "పెద్దవివ్వండి, ఎవరికైనా సరిపోతాయి" అన్నాను. పెట్టె మీద పౌడరున్న రకమని రాసుంది. అదే ధరకి పౌడరు కూడా ఇస్తున్నారని మురిసిపోయాను. అది మొక్కజొన్న పిండి అనీ, పుండులో పడితే వాపు తెస్తుందనీ, దాన్ని పీల్చినా కొందరికి పడదనీ, అందుకే 2017లో అమెరికా ఆ రకం వైద్య గ్లౌజుల్నే నిషేధించిందనీ చాలా తర్వాత తెలిసింది.

పెద్ద సైజు వల్ల వేళ్ల చివర రబ్బరు ఖాళీగా వేలాడేది. కట్టు అంచు చేతికి చిక్కేది కాదు. టేపు అతుక్కుంటే గ్లౌజు దాంతోపాటే సాగేది. తప్పు టేపుదని టేపు కంపెనీ మార్చాను. గ్లౌజు విచ్చుకోకపోతే బుగ్గలు పూరించి నోటితో ఊదేవాణ్ణి. నా నోట్లో సరుకంతా అందులోకి పోతోందన్న ఆలోచనే లేదు. శానిటైజరు ఆరకముందే తొడగబోతే రబ్బరు సగంలో పట్టేసేది, బలవంతంగా లాగితే చిరిగేది. పగడపు ఉంగరం మాత్రం తీయలేదు. జ్యోతిష్కుడు తీయొద్దన్నాడు మరి.

ఇక పొదుపు. వాడిన గ్లౌజుల్ని సబ్బుతో కడిగి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాణ్ణి. పాల కవర్లు కడిగి దాచే ఇంట్లో పుట్టినవాణ్ణి, పారేయడానికి చెయ్యాడలేదు. ఒకరోజు కడుగుతుంటే ఉంగరం వేలి దగ్గర్నుంచి సన్నటి నీటిధార చిమ్మింది. గ్లౌజులు తయారుచేసేవాళ్లు మచ్చుకి కొన్నింట్లో లీటరు నీళ్లు నింపి సరిగ్గా ఈ పరీక్షే చేస్తారట. ఆ పరీక్ష నా పంపు కింద ఉచితంగా జరిగిపోయింది. ఫలితం కూడా కళ్లెదురుగానే ఉంది. నేనేం చేశానంటే, దాన్ని రెండో చేతికి మార్చుకున్నాను.

నా బండారం బయటపెట్టింది పుండుకి రాసే బెటాడిన్. ఫ్రిజ్ పిడి మీద గోధుమరంగు వేలిముద్ర కనబడితే మనవణ్ణి కేకలేశాను. స్విచ్చి మీద కనబడింది, కాఫీపొడి డబ్బా మూత మీద కనబడింది, నా ఫోను వెనక కనబడింది. చివరికి నా కళ్లజోడు మీద కూడా కనబడేసరికి మనవడు ఏమీ అనలేదు గానీ వాళ్ల నాయనమ్మ వైపు చూసి నవ్వాడు. కట్టు విప్పుతూ ఫోను మోగితే ఎత్తేవాణ్ణి, కళ్లజోడు జారితే సర్దుకునేవాణ్ణి, కత్తెర కోసం సొరుగు లాగేవాణ్ణి. నా చెయ్యి శుభ్రంగానే ఉంది కదా! ఇల్లంతా ఏమైపోతోందో నాకనవసరం. ముట్టుకున్నవన్నీ ముట్టుకుని, అవే వేళ్లతో మళ్లీ పుండు మీదికి వచ్చేవాణ్ణి.

వారానికోసారి పుండు చూడ్డానికొచ్చే నర్సమ్మ ముందు గర్వంగా నా పనితనం ప్రదర్శించాను. ఆవిడ చివరిదాకా ఊరుకుని అంది: "గ్లౌజు మీ చేతిని కాపాడింది సార్. ఈ సొరుగునీ, అమ్మగారి పుండునీ ఎవరు కాపాడతారు?"

పాత కట్టు విప్పిన జతతో కొత్త కట్టు కట్టకూడదట. విప్పినవి తీసేసి, చేతులు కడుక్కుని, ఆరాక కొత్త జత వేసుకోవాలి. కావలసినవన్నీ ముందే కత్తిరించి పక్కన పెట్టుకుంటే సొరుగుతో పనేముంది? గ్లౌజు మీద శానిటైజరు రాస్తే (అదీ చేశాను) పల్చటి రబ్బరు పాడవుతుంది గానీ కొత్తదైపోదు. కాలి పగుళ్లకు కొబ్బరినూనె రాసేటప్పుడు లేటెక్స్ గ్లౌజు ఎందుకు జిడ్డుగా సాగి చిరిగేదో అప్పుడర్థమైంది. నూనె తగిలితే లేటెక్స్ మెత్తబడిపోతుంది, నైట్రైల్ అనే ఇంకో రకం రబ్బరు తట్టుకుంటుంది.

తీసే విద్య మాత్రం నాకు ఇంద్రజాలంలా కనబడింది. నేను వేళ్ల కొసలు పట్టుకుని టప్పున లాగేవాణ్ణి, తుంపర ఎటు పడితే అటు. ఆవిడ ఒక మణికట్టు దగ్గర బయటి రబ్బరుని చిటికెతో పట్టి లోపలిది బయటికి తిరిగేలా ఒలిచింది. దాన్ని రెండో గుప్పిట్లో ముద్దగా పట్టుకుంది. ఒట్టి వేలిని రెండో గ్లౌజు అంచు లోపలికి దూర్చి అదే తీరున ఒలిస్తే, మొదటిది దాని పొట్టలోకి వెళ్లిపోయింది. వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుంది. "గ్లౌజులున్నాయిగా, ఎందుకు?" అన్నాను. కొత్తవాటిల్లో కూడా కంటికి ఆనని బెజ్జాలుంటాయనీ, తీసేటప్పుడు ఎంత నేర్పున్నా చేతికి ఎంతో కొంత అంటుతుందనీ చెప్పింది.

నన్ను నేను వెనకేసుకురావాలంటే చరిత్రలో కాస్త చోటుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ 1889 - 90 ప్రాంతంలో గుడ్ఇయర్ రబ్బరు కంపెనీ చేత పల్చటి గ్లౌజులు చేయించింది రోగుల కోసం కాదు. క్రిముల్ని చంపే పాదరసపు ద్రావణం పడక చేతులు పొక్కిపోయిన కరోలిన్ హాంప్టన్ అనే నర్సు కోసం. 1890లో ఆవిణ్ణే పెళ్లి చేసుకున్నాడు. వాటివల్ల రోగికీ మేలేనని ఆ బృందం పట్టించుకోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అంతటి సర్జన్లకే ఆలస్యమైంది కదా అని నర్సమ్మతో అంటే, వాళ్లకి చెప్పేవాళ్లు లేరు సార్ అంది.

అసలు సిగ్గుపడాల్సింది వేరే ఉంది. ధీమా ముదిరి, నేను అమ్మకి మాత్రలివ్వాలన్నా, దుప్పటి కప్పాలన్నా, చివరికి తల దువ్వాలన్నా గ్లౌజులేసుకునేవాణ్ణి. రబ్బరుకి వెంట్రుకలు చిక్కుకుని లాగేవి. ఒకరోజు దువ్వెన లాక్కుని అమ్మ అంది: "ఒరే, పుండు నా కాలికిరా, తలకి కాదు." పుండు లేని చర్మాన్ని ముట్టుకోవడానికి కడుక్కున్న చేతులు చాలనీ, రక్తం, చీము, మలమూత్రాల దగ్గరే గ్లౌజుల అవసరమనీ నర్సమ్మ కూడా చెప్పింది. చెప్పినప్పుడు అమ్మ వైపు చూడలేకపోయాను.

వాడినవి పారేయడంలోనూ ఇదే తెలివి. మన ఆసుపత్రుల్లో 2016 వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం గ్లౌజులకి ఎర్ర సంచి ఉంటుంది. నేను కూరగాయల తొక్కల్లో పడేసేవాణ్ణి, మునిసిపాలిటీ బండి వెంట వచ్చే ఆవిడ ఒట్టి చేతులతో ఏరేది. అది చూశాక విడిగా కవర్లో మూటగట్టడం మొదలుపెట్టి, పెట్టెలోంచి ఒక జత తీసి ఆవిడకి దానం కూడా చేశాను. మర్నాడు చూపుడువేలు దగ్గర నిలువునా చిరిగిన గ్లౌజు నా చేతికే ఇచ్చి, "ఇయ్యి గాజుపెంకులకి ఆగవు బాబూ, మందంగా ఉండేయి కొనియ్యండి" అంది.

సాయంత్రం హార్డ్‌వేర్ షాపుకెళ్లాను. సైజెంత అని అడిగాడు.